వేసవి మేఘంలో మంచు – డెల్టా పొలంలో పిడుగు

చిలకలపూడి, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో నేలపై మంచు కురవదు. అయినప్పటికీ ఏప్రిల్, మే నెలలలో దాళ్వా వరి కోతల వేళ కమ్ముకొనే క్యుములోనింబస్ మేఘాల పైభాగంలో మంచు తునకలు ఏర్పడి రాలుతూనే ఉంటాయి. పొలంలో పడే పిడుగుకు మూలం ఆ మంచులోనే ఉన్నది.

ఈ కాలంలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున గాలి ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అంతకు పైన మేఘబిందువులన్నీ వెంటనే గడ్డకట్టవు. ఘనీభవనానికి తోడ్పడే సూక్ష్మకణాలు లభించనంతవరకు అవి దాదాపు -38 డిగ్రీల వరకు ద్రవరూపంలోనే నిలువగలవు. వీటిని అతిశీతల బిందువులంటారు. రాలుతున్న మంచు తునకను తాకగానే ఇవి దానికి అంటుకొని గడ్డకడతాయి. ఈ ప్రక్రియయే రైమింగ్.

మిక్కిలి చిన్న బిందువులు గాలి ప్రవాహంతోపాటు తునక చుట్టూ తప్పుకొని పోతాయి. సుమారు 20 మైక్రాన్లు, ఆపైన వ్యాసం గలవి జడత్వం వలన దానిని ఢీకొంటాయి. బరువు పెరిగిన తునక మరింత వేగంగా రాలుతూ మరిన్ని బిందువులను సేకరిస్తుంది. చివరకు స్ఫటికాకృతిని కోల్పోయి, 2 నుండి 5 మిల్లీమీటర్ల తెల్లని మెత్తటి గుళికగా మారుతుంది. దీనిని గ్రాపెల్ అంటారు. బలమైన ఊర్ధ్వప్రవాహం నిలిపి ఉంచితే ఇది వడగల్లుగా పెరుగుతుంది. లేనిచో దిగువన కరిగి వానచినుకవుతుంది.

రాలే గ్రాపెల్, పైకి లేచే మంచు స్ఫటికాలు ఢీకొన్నప్పుడు విద్యుదావేశం వేరుపడుతుంది. సాధారణంగా గ్రాపెల్ ఋణావేశాన్ని, స్ఫటికాలు ధనావేశాన్ని పొందుతాయి. తేలికైన స్ఫటికాలు మేఘశిఖరానికి చేరగా, ఋణావేశం మధ్యభాగంలో పోగవుతుంది. ఈ వ్యత్యాసం గాలి నిరోధకతను మించినప్పుడు మెరుపు, పిడుగు సంభవిస్తాయి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వెల్లడించింది.

మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రంలో 0 డిగ్రీల మట్టానికి పైన బలమైన ప్రతిధ్వని కనిపించడం గ్రాపెల్ ఏర్పడుతున్నదనడానికి సూచన. అప్పటికి వాన నేలను తాకకపోవచ్చు. కావున చినుకు పడేవరకు వేచి ఉండక, ఉరుము వినబడగానే పని ఆపాలని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు, కూలీలకు స్పష్టంగా తెలియజేయాలి. చదునైన డెల్టా పొలంలో నిలబడిన మనిషే ఎత్తైన వస్తువు. తాటిచెట్టు కింద రక్షణ లేదు. పక్కా భవనంలోకి చేరి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచిన పిమ్మటనే బయటకు రావాలి. కల్లంలోని ధాన్యంపై పట్టాలు కప్పే పనిని మేఘం కమ్మినప్పుడు కాక, ముందస్తు సూచన అందగానే పూర్తిచేయడం శ్రేయస్కరం.