ఆ పాట తర్వాత ఏ పాట?

సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో పెరిగినవాళ్లని ‘ఆనంద్’ పాటల గురించి అడిగి చూడండి. సినిమా కథ చెప్పరు. అప్పుడు తాము ఏ క్లాసు చదువుతున్నారో, ఎవరి మేడమీద అద్దెకుండేవారో, వానొస్తే ఏ సందులో నీళ్లు నిలిచేవో చెబుతారు. ఆ సినిమా దర్శకుడు శేఖర్ కమ్ముల ఉండే కాలనీ అది. 2004 అక్టోబరులో వచ్చిన ఆ సినిమాని ఆ ఇళ్ల మధ్యే తీశారు. కె.ఎం. రాధాకృష్ణన్ సంగీతం, వేటూరి సాహిత్యం. తమ వీధే తెరమీద కనిపించడం ఆ కాలనీవాళ్ల అదృష్టం అనుకుందాం. మరి ఆ వీధి మొహం ఎన్నడూ చూడకుండా గుంటూరులోనో డాలస్‌లోనో ఆ ఆల్బం విన్నవాళ్లకి కూడా తమ తమ ఇళ్లే ఎందుకు గుర్తొస్తాయి? పాటలో లేనిది పాటతోబాటు ఎక్కణ్ణించి వస్తుంది?

ఈ ప్రశ్న పట్టుకుని పనిచేసినవాళ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌కి చెందిన పీటర్ జనాటా ఒకరు. తన సహచరులతో కలిసి ఆయన, విద్యార్థులకి వాళ్ల ఏడో ఏటి నుంచి పంతొమ్మిదో ఏటి వరకు బాగా ఆడిన పాటల తునకలు వినిపించాడు. 2007లో అచ్చయిన ఆ పరిశోధనలో సుమారు 30 శాతం పాటలు సొంత జ్ఞాపకాన్ని లేపాయి. 2009లో ఆయన ఎమ్మారై స్కానర్‌లో ఇలాంటి పరీక్షే చేశాడు. నుదుటి వెనకాల, మెదడు నడిమి గీతకి ఆనుకుని ఉండే భాగం పాటలోని స్వరాల నడకని వెంబడిస్తూనే, ఆ పాట జ్ఞాపకాన్ని లేపినప్పుడు మరింత చురుగ్గా పనిచేస్తుందని తేలింది. అల్జీమర్స్ జబ్బులో ఈ భాగం మిగతావాటికంటే ఆలస్యంగా దెబ్బతింటుంది. పిల్లల పేర్లు మర్చిపోయిన పెద్దావిడ పాత పాట అందుకోవడానికి ఇదొక కారణం కావచ్చునని ఆయన సూచించాడు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మిగిలిన 70 శాతం. వాటిలో కొన్ని తెలియని పాటలు కావచ్చు, కానీ తెలిసిన పాటలూ, విన్న పాటలూ ఉన్నాయి. అయినా వాటి వెనక ఏ రోజూ లేదు.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం సంగతి చూడండి. 1963లో హెచ్.ఎం.వి. విడుదల చేసిన రికార్డు. మన ఇళ్లలో ఇంతగా మోగిన ఆల్బం మరొకటి చెప్పడం కష్టం. పద్మారావునగర్ స్కందగిరి గుడి చుట్టుపక్కల తెల్లవారుజామున అది చెవినబడకుండా పెరిగినవాళ్లు తక్కువ. కానీ అది వింటే మీకు ఏ తేదీ గుర్తొస్తుంది? ఏ తేదీ రాదు. ‘పొద్దున’ అనే భావం వస్తుంది, కాఫీ వాసన వస్తుంది, అంతే. ఒకే మేకుకి వంద చొక్కాలు తగిలిస్తే కావలసిన చొక్కా చేతికి రాదు. ఒక ఆనవాలుకి ఎన్ని జ్ఞాపకాలు ముడిపడితే, వాటిలో ఏ ఒక్కదాన్నైనా బయటికి లాగే శక్తి దానికి అంత తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో నిర్ధారించింది. అందుకే మన బతుకులో ఒక్క ఎండాకాలమో, ఒక్క పరీక్షల ముందో గట్టిగా విని తర్వాత వదిలేసిన ఆల్బంలే జ్ఞాపకాన్ని చెక్కుచెదరకుండా దాస్తాయి.

సుప్రభాతానికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది ఘంటసాల గారి భగవద్గీత. జీవితం చివర్లో పాడిన ఆ రికార్డుని మన జనం ఇంట్లో శవం లేచేరోజున పెట్టడం మొదలుపెట్టారు. వైకుంఠ రథానికి మైకు కట్టారు. బన్సీలాల్‌పేట శ్మశానం దారిలో ఉండేవాళ్లకి ఆ గొంతు వినబడితే ఎవరో పోయారనే అర్థం. బతకడం గురించి, చెయ్యవలసిన పని చెయ్యడం గురించి యుద్ధభూమిలో చెప్పిన మాటలు చివరికి చావు కబురుగా మిగిలాయి. ఆ గాయకుడికి జరిగిన అన్యాయం ఇది అని నా నమ్మకం. ఇంట్లో ఆ క్యాసెట్ పెడితే ‘తియ్యరా, అశుభం’ అని పెద్దవాళ్లు కసురుకోవడం నేనెరుగుదును. కారణం పాట కాదు, మనం దాన్ని వాడిన సందర్భం. సందర్భం మారిస్తే అర్థమూ మారుతుంది. ఎవరూ పోని రోజున, పొద్దున్నే పెట్టి వినండి.

ఇక అసలు విషయం. విడి పాట కంటే ఆల్బం ఎందుకు ఎక్కువ పట్టుకుంటుంది? 2009లోనే అంబర్ లీవర్, జోసెఫ్ రౌషెకర్ తదితరులు దీన్ని పరీక్షించారు. బాగా అలవాటైన సీడీలో ఒక పాట చివరి భాగం వినిపించి ఆపేశారు. రెండో పాట ఇంకా మొదలవలేదు, స్పీకరులో నిశ్శబ్దం. కానీ విన్నవాళ్ల మెదడు ముందుభాగాలు అప్పుడే పనిలో పడ్డాయి, రాబోయే పాటని సిద్ధం చేసుకుంటూ. అంటే మనకి కంఠతా వచ్చేది పాటలే కాదు, పాటల వరస కూడా.

తెలుగువాళ్లకి ఈ వరసని నేర్పింది క్యాసెట్. ఎ వైపు ఒక సినిమా, బి వైపు ఇంకో సినిమా. సంబంధం లేని రెండు కథలు ఒకే డబ్బాలో పక్కపక్కన బతికేవి. కొనే స్థోమత లేకపోతే ఖాళీ క్యాసెట్ తీసుకెళ్లి, కాగితం మీద జాబితా రాసిచ్చి, పాటలు ఎక్కించుకునేవాళ్లం. మోండా మార్కెట్ దగ్గర ఒక షాపులో నేను అలా చేయించుకున్నదానిలో ఒకవైపు ‘స్వర్ణకమలం’, రెండోవైపు ‘గీతాంజలి’. ఎక్కిస్తుండగా వోల్టేజీ పడిపోయినట్టుంది. ఒక పాటలో రెండో చరణం మొదట్లో బాలు గారి గొంతు ఉన్నట్టుండి సన్నబడి, పరుగెత్తి, మళ్లీ దారిన పడేది. మోటారు నెమ్మదించినప్పుడు ఎక్కిన టేపుని మామూలు వేగంతో తిప్పితే శ్రుతి పెరుగుతుంది. కారణం అదే. ఇవాళ అదే పాట ఫోనులో శుభ్రంగా వినిపిస్తుంది. ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి నా చెవి మాత్రం ఆ సన్నగొంతు కోసమే ఎదురుచూస్తుంది. అది రాకపోతే ఏదో తప్పిపోయినట్టే ఉంటుంది. ఇళయరాజా గారి స్వరకల్పన అందరిదీ. ఆ లోపం మాత్రం మా ఇంటిది.

ఫోనులో షఫుల్ నొక్కితే పోయేది ఈ వరసే. పాటలన్నీ ఉంటాయి, ఎక్కువే ఉంటాయి. పాటకీ పాటకీ మధ్య మనసు కట్టుకున్న వంతెన ఉండదు.

పిల్లలకి ఈ గొడవ ఎందుకంటారా? 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రమ్‌హన్సల్, జస్టిన్ జుప్నిక్ ఇరవయ్యేళ్ల కుర్రాళ్లకి 1955 నుంచి 2009 వరకు ఆడిన పాటలు వినిపించారు. తమ కాలం పాటలు బాగా తాకాయి, అది ఊహించిందే. తల్లిదండ్రులు పడుచువయసులో ఉన్నప్పటి పాటలు కూడా వాళ్లని అలాగే తాకాయి. అంతకు ముందు 1960ల పాటలకీ కొంత స్పందన కనిపించింది. ఇంట్లో మోగినది పిల్లల జ్ఞాపకంలోకి కూడా దిగుతుందన్నమాట. అమ్మానాన్నలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరికి వారు వినే ఇంట్లో ఆ దారి మూసుకుపోతుంది.

సికింద్రాబాద్ పాత ఇళ్ల అటకల మీద ఇంకా అట్టపెట్టెల నిండా క్యాసెట్లున్నాయి. వానాకాలం చెమ్మకి బూజు పడుతుంది, టేపు మీది అయస్కాంతపు పొర రాలుతుంది. పాటలన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయిగా అని వాటిని పాతసామాను బండికి వేసెయ్యకండి. ఆన్‌లైన్‌లో ఉన్నది పాట. మీ ఇంటి వరస, మీ నాన్నగారి చేతిరాత, వోల్టేజీ పడిపోయిన సాయంత్రం అక్కడ లేవు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పాటలు ముక్కలు చెయ్యకుండా ఒక్కో వైపునీ మొత్తంగా, మధ్య ఖాళీలతో సహా ఎక్కించండి. లోపలి అట్టని రెండువైపులా ఫొటో తీయండి. అది ఎప్పటిదో, ఎవరు వినేవారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి దానిమీదే రాయండి. చెప్పగలిగినవాళ్లు ఉండగానే ఈ పని చెయ్యాలి.