ఆనకట్ట చెంత పెరిగిన బెజవాడ

నేడు విజయవాడ యనబడు బెజవాడకు ధాన్యము కొఱకో యెరువుల కొఱకో పోవని రైతు మన డెల్టాలో అరుదు. ఆ పట్టణ మచ్చటనే యేల పెరిగెనో కొంత విన్నవింతుము.

ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ కోవెలయు, కొండ తొలిచిన గుహలును మిక్కిలి పురాతనములు. యాత్రికులు వచ్చి కృష్ణలో స్నానమాడి పోవుచుండిరి. ఊరు మాత్రము చిన్నది. వానలు తప్పిన యేట పొలములు బీటలు వాఱుచుండెను. 1832-33 నాటి నందన కరవులో గుంటూరు జిల్లాలో లక్షకు మించి జనులు మడిసిరి. అటుపిమ్మట ఇరువది యేండ్లకు గాని కృష్ణపై పని మొదలు కాలేదు!

ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరము కొండ. నడుమ నది యిఱుకున బడి పాఱును. గట్లు గట్టివి, రాయి చేరువ. కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో ముగిసెను.

కాలువలు పొలమునకు నీరే గాక బాటలు కూడ నయ్యెను. బందరు కాలువ రేవు దిక్కునకు పోయెను. ఏలూరు కాలువ గోదావరి కాలువతో గలిసి రాజమహేంద్రవరమునకు పడవదారి యయ్యెను. పెక్కు బండ్ల ధాన్యమును ఒక్క పడవ మోయును. గట్టున ఇద్దఱు త్రాడు పట్టి లాగిన చాలును. వానకాలమున నల్లరేగడిలో ఇరుసుదాక దిగబడిన బండిని ఎత్తినవారికి దీని విలువ చెప్పనక్కఱలేదు. కాలువల తలకడ బెజవాడయే గనుక సరకు అచ్చట దిగెను, కొట్లు వెలసెను.

1888లో పురపాలక సంఘ మేర్పడెను. 1893లో కృష్ణపై రైలువంతెన వచ్చెను. 1901 లెక్కలలో జనసంఖ్య 24 వేలు దాటెను. రైలే పట్టణమును పెంచెనని కొందఱందురు. పంటయు పడవలును ముందే బజారును నిలిపినవని మా యభిప్రాయము.

పాత ఆనకట్ట 1952లో తెగగా, 1957 నాటికి ప్రకాశం బ్యారేజి సిద్ధమయ్యెను. పట్టణము మఱింత పెరిగి బుడమేరు పల్లములోనికి దిగెను. 2024 సెప్టెంబరులో ఆ యేటి గట్లు తెగి పేటలకు పేటలే మునిగెను. వాగు పాఱు త్రోవ రైతెఱుగును. ఇంటిస్థలములు అమ్మినవారు కొన్నవారికి చెప్పిరో లేదో!

ఏలూరు, రైవసు, బందరు కాలువలు మూడును ఆ పట్టణము నడుమ నుండియే క్రిందికి పోవును. పట్టణపు మురుగు వానిలో గలియుచున్నది. దిగువన మన మళ్లకు పాఱునదియు, అనేక గ్రామముల మంచినీటి చెరువులు నింపునదియు ఆ నీరే.