నీటిలో కెమెరా చూపు

పారే కాలువలో కర్రను ఏటవాలుగా ముంచి, అది విరిగినట్లు కనబడగా వింతపడని పిల్లవాడు కోవూరు ప్రాంతంలో ఉండడు. ఆ వింతకే వక్రీభవనమని పేరు. నీటిలో కంటె గాలిలో కాంతి సుమారు 1.33 రెట్లు వేగంగా ప్రయాణిస్తుంది. ఈ చిన్న అంకెను లెక్కలోనికి తీసికొనక మా బంధువుల కుర్రవాడొకడు తన తొలి సంపాదనలో మంచి భాగం నీళ్ళపాలు చేసినంత పని చేసినాడు.

అతడు జేబులో పట్టే కెమెరాను, దానికి తొడిగే నీరు చొరని పెట్టెను కొని, మైపాడు తీరంలో పడవ అడుగుభాగాన్ని ఫొటో తీయబోయినాడు. ఊటుకూరు వద్ద పెన్న కడలిలో కలిసే ఆ తీరాన నీరు తేటగా ఉండే రోజులు తక్కువ. పడవ అంతా పట్టవలెనని దూరం జరిగితే, పడవకు మారుగా మధ్యనున్న బురదనీరే ఫొటోలో పడినది. మసకనీటిలో మంచి చిత్రం కావలెనంటే వస్తువుకు దగ్గరగా పోవలెను. దగ్గరగా పోయినపుడు చూపు విశాలంగా ఉండవలెను. చిక్కు అక్కడనే వచ్చినది.

పెట్టె ముందున్న చదును అద్దం చూపును కుదిస్తుంది. 28 మిల్లీమీటర్ల కటకానికి సమానమైన కెమెరా గాలిలో మూలనుండి మూలకు 75 డిగ్రీల మేర చూస్తుంది. నీటిలో అది 55 డిగ్రీలకు దిగిపోతుంది. అంతేకాదు, అంచుల వైపు పోయేకొద్దీ బొమ్మ మరింత సాగుతుంది. చతురస్రపు వలను తీస్తే, మూలలు పట్టి లాగిన దుప్పటి వలె దాని అంచులు లోపలికి వంగి కనబడతాయి. అన్ని రంగులూ ఒకే మేర వంగవు కనుక మూలలలో రంగుల అంచులు కూడా తోస్తాయి.

దీనికి విరుగుడుగా పెట్టె వెలుపల బిగించే కటకాలు వచ్చినవి. వీటిని వెట్ లెన్సులంటారు. పెట్టె అద్దానికీ ఈ కటకానికీ నడుమ నీరు నిండి ఉండవలెను, ఆ నీటిని కూడా లెక్కించియే దానిని తయారుచేస్తారు. నడుమ గాలిబుడగ చిక్కితే చిత్రం చెడుతుంది. నీటిలో ఉండగానే తీయవచ్చును, మరల పెట్టవచ్చును. పెట్టె లోపలి కటకంతో ఈ సౌకర్యం లేదు.

మన కుర్రవాడు అదియు కొన్నాడు. మర 67 మిల్లీమీటర్లు, చక్కగా బిగిసినది. ఫొటోలో మాత్రం నాలుగు మూలలూ నల్లన! మర కుదిరినంత మాత్రాన చూపు కుదరదు. అతని కెమెరా కటకం దూరాన్ని దగ్గరచేసేటపుడు బాగా ముందుకు సాగుతుంది. దానికి చోటిచ్చుటకై పెట్టె మూతిని పొడవుగా చేసినారు. విశాలంగా చూసేటపుడు ఆ కటకం వెనుకకు ముడుచుకొని, అద్దానికి దూరమవుతుంది. గొట్టం అడుగున నిలిచి ఆకాశం చూసినట్లే. అదిగాక, 28 మిల్లీమీటర్ల చూపునకు తగిన వెట్ లెన్సును 24 మిల్లీమీటర్ల కెమెరాకు తగిలించినా మూలలు నల్లబడతాయి. కొన్ని పెట్టెలకు పొట్టి మూతిని వేరుగా అమ్ముతారు. అప్పుడు దూరపు చూపును వదులుకొనవలెను. అమ్మినవాడు ఈ మాట చెప్పి ఉండవలసినది.

నేను చెప్పినదల్లా ఇంత: పశువుల తొట్టిలో నీరు నింపి, గళ్ళ తువ్వాలును అడుగున పరచి, నాలుగు చెంగుల మీద రాళ్ళు పెట్టు. కెమెరాను ముంచి, బుడగలు పోనిచ్చి, చూపును కొద్దికొద్దిగా దగ్గరకు లాగుతూ ఫొటోలు తీయి. ఎక్కడ నలుపు పోతుందో గుర్తుంచుకో. అక్కడ కూడా చదును అద్దం ఒక్కటే ఇచ్చిన చూపుకంటె ఎక్కువ గళ్ళు పడితే కటకం ఉంచుకో, లేకున్న తిరిగి ఇచ్చివేయి.

అతడు గళ్ళు లెక్కపెట్టి, కటకాన్ని ఉంచుకొన్నాడు. తువ్వాలు మాత్రం నాది.