ఊళ్లో మెట్ట చేను, పట్నంలో యజమాని: బీడు వెనుక ఉన్నది వాన కరువేనా?

అనంతపురం జిల్లాలో ఏళ్ల తరబడి బీడుపడిన చేను ఎవరిదని అడిగితే, బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నవారి పేరు వినిపించడం మామూలే. కారణం అడిగితే వాన లేదంటారు. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు, తక్కువే. అయినా ఆ లెక్కన ఎకరంపై ఏటా 22 లక్షల లీటర్ల నీరు పడుతుంది. అదే వానను నమ్ముకుని పక్క చేనులో వేరుశనగో కందో వేస్తూనే ఉన్నారు. దూరాన ఉన్న యజమానిని ఆపుతున్నది చాలాసార్లు మరో భయం: కౌలుకిస్తే భూమి పోతుందేమోనని.

ఆ భయం ఊరికే పుట్టలేదు. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కులే దక్కాయి. ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టానికి 1974లో చేసిన సవరణ కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది. దాంతో కౌళ్లు ఆగలేదు గానీ కాగితం రాయడం ఆగిపోయింది. నోటిమాట మీద ఇవ్వడం, ఏటా మనిషిని మార్చడం, అదీ కుదరకపోతే బీడు పెట్టడం అలవాటైంది.

నిజానికి కాగితం వల్ల యజమానికే ఎక్కువ రక్షణ. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం స్వాధీనం మీద హక్కు కోరాలంటే 12 ఏళ్లపాటు యజమానికి వ్యతిరేకంగా, బహిరంగంగా భూమిని అనుభవించి ఉండాలి. అనుమతితో సాగు చేసే కౌలుదారుకు అది వర్తించదు. ఆ అనుమతికి రుజువు కౌలు పత్రమే. ఎవరూ తొంగి చూడని చేనులోకి పక్కవారు గట్టు జరుపుకుంటూ రావడమే అసలు ముప్పు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ఈ భయాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిందే. 11 నెలల ఒప్పందం, యజమాని సంతకం తప్పనిసరి, భూమి హక్కులకు భంగం లేదు. కౌలుదారుకు పంట రుణం, బీమా, నష్టపరిహారం అందే దారి దొరుకుతుంది. అయినా సంతకానికి వెనకాడేవారే ఎక్కువ. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారుకే వెళ్లింది. సాగు చేసిన కౌలుదారుకు దక్కలేదు. ఊరు విడిచిన యజమానికి కాగితం రాయకపోవడమే లాభంగా కనిపించడానికి అదీ ఒక కారణమే.

అయితే 11 నెలల గడువు వేరుశనగకు సరిపోతుంది, మెట్టకు సరిపోదు. మెట్ట బాగుపడాలంటే వాలుకు అడ్డంగా గట్లు వేయాలి, నీటికుంట తవ్వాలి, చెట్లు పెట్టాలి. వచ్చే ఏడు చేను తనదో కాదో తెలియని కౌలుదారు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? అది యజమాని పెట్టుకోవాల్సిందే, లేదా చాలా ఏళ్లకు కౌలు రాసి రిజిస్టరు చేయించాలి.

చెట్లలో మెట్టకు, దూరాన ఉన్నవారికి కుదిరేది సీతాఫలం. మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ రకం పేరున్నది. రాళ్ల నేలలోనూ బతుకుతుంది, మేకలు ఆకు ముట్టవు. కానీ మొదటి రెండు మూడు వేసవులు మొక్కకు బిందెడు నీళ్లు పోసే మనిషి ఊళ్లో ఉండాలి. అతనికి కూలి మాత్రమే ఇస్తే మొక్క మీద శ్రద్ధ ఉండదు, కాపులో వాటా రాసిస్తే ఉంటుంది.

సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్లలోపు బీడు ఉంటే సౌరవిద్యుత్ మరో దారి. 2019లో వచ్చిన పీఎం-కుసుమ్ పథకం 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంట్లకు భూమిని లీజుకిచ్చే వీలు కల్పించింది. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి గనుక చిన్న కమతాల వారు పక్కవారితో కలవాల్సి ఉంటుంది.

బీడుకు కంచె వేసేముందు మరొకరిని అడగాలి. ఇన్నాళ్లూ అక్కడ గొర్రెలు మేపుకున్నవారిని. పంట కోశాక మేపుకోనిచ్చి, బదులుగా కొన్ని రాత్రులు చేనులో మంద పెట్టించుకోవడం రాయలసీమలో పాత పద్ధతే. ఎరువు చేనులోనే పడుతుంది, చేను మీద ఒక కన్నూ ఉంటుంది.