వర్చువల్ ఎడ్జ్ వ్యవస్థలలో నెట్‌వర్క్ జాప్యం: కారణాలు – నివారణ మార్గాలు

1. ఉపోద్ఘాతం:

సమాచారం పంపిన క్షణానికీ, ఫలితం అందిన క్షణానికీ మధ్య గడిచే కాలమే జాప్యం. సినిమా చూసేవారికి కొద్దిపాటి జాప్యం ఇబ్బంది కలిగించదు. కర్మాగారంలో మనుషుల పక్కన పనిచేసే రోబోకు ఆజ్ఞ ఆలస్యంగా అందితే అది ప్రమాదానికి దారితీయవచ్చు.

ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. విశాఖపట్నం, ముంబయిల మధ్య దూరం వాయుమార్గంలోనే 1,000 కిలోమీటర్లకు మించి ఉంది. విశాఖలోని యంత్రం ముంబయిలోని సర్వర్‌ను సంప్రదిస్తే రాకపోకలకే కనీసం 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంత వేగవంతమైన కంప్యూటరైనా ఈ హద్దును తగ్గించలేదు. గణనను వినియోగదారుని చెంతకు చేర్చే ఎడ్జ్ కంప్యూటింగ్‌కు ఇదే ప్రాతిపదిక. 2009లో మహదేవ్ సత్యనారాయణన్, ఆయన సహ పరిశోధకులు ‘క్లౌడ్‌లెట్’ భావనను ప్రతిపాదించారు. 2014లో ఐరోపా ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ మొబైల్ ఎడ్జ్ కంప్యూటింగ్ కోసం ప్రత్యేక బృందాన్ని ఏర్పరచింది.

2. వర్చువలైజేషన్ – జాప్యం:

ఎడ్జ్ కేంద్రంలో స్థలం, విద్యుత్తు పరిమితం. కాబట్టి ఒకే సర్వర్‌ను అనేక వర్చువల్ మెషీన్లు పంచుకుంటాయి. నెట్‌వర్క్ కార్డుకు చేరిన ప్యాకెట్ మొదట ఆతిథ్య ఆపరేటింగ్ సిస్టమ్‌ను, తరువాత సాఫ్ట్‌వేర్ స్విచ్‌ను, ఆపైన వర్చువల్ మెషీన్‌లోని మరొక ఆపరేటింగ్ సిస్టమ్‌ను దాటాలి. ఈ దారిలో ప్రాసెసర్ పనికి అంతరాయాలు కలుగుతాయి. సమాచారం ఒకచోటి నుండి మరొకచోటికి నకలవుతుంది. 10 గిగాబిట్ల మార్గంలో అతి చిన్న ప్యాకెట్లు పూర్తి వేగంతో వస్తే ఒక్కొక్కదానికి దక్కే వ్యవధి సుమారు 67 నానోసెకన్లు మాత్రమే. అంటే 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు దాదాపు 200 స్పందనల కాలం.

3. నివారణ మార్గాలు:

వీటిలో మూడు ప్రధానమైనవి.

అ) ఎస్ఆర్-ఐఓవీ: ఒకే నెట్‌వర్క్ కార్డు అనేక కార్డులుగా కనిపించి, ప్రతి వర్చువల్ మెషీన్‌కూ నేరుగా అందుబాటులో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ స్విచ్ దారి నుండి తొలగుతుంది. అయితే నడుస్తున్న మెషీన్‌ను మరొక సర్వర్‌కు తరలించడం కష్టమవుతుంది.

ఆ) డీపీడీకే: అంతరాయం కోసం వేచి ఉండకుండా ప్రాసెసర్ నిరంతరం కార్డును పరిశీలిస్తుంది. ప్యాకెట్లు రాకపోయినా ఆ ప్రాసెసర్ కోర్ పూర్తిగా పనిచేస్తూనే ఉంటుంది. విద్యుత్తు పరిమితమైన చోట ఇది చిన్న మూల్యం కాదు.

ఇ) కోర్ల కేటాయింపు: జాప్యాన్ని సహించని పనికి కొన్ని కోర్లను ప్రత్యేకించడం. దీనివల్ల పొరుగు పనుల ఒత్తిడి తగ్గుతుంది. పంచుకోవడం వల్ల కలిగే ఆదా కూడా తగ్గుతుంది.

4. సగటు – పరిమితి:

జాప్యాన్ని సగటుతో మాత్రమే కొలవడం సరికాదు. ఒక సర్వర్ 100 అభ్యర్థనలలో ఒక్కదానికే ఆలస్యంగా బదులిస్తుందనుకుంటే అది మంచి సర్వరే. ఒక పని పూర్తికావడానికి అటువంటి 100 సర్వర్ల సమాధానాలు అవసరమైతే, ఆ పని ఆలస్యమయ్యే అవకాశం సుమారు 63 శాతం. డీన్, బరోసోలు 2013లో ప్రచురించిన వ్యాసంలో ఈ విషయాన్ని స్పష్టం చేశారు. రోబో విషయంలోనూ ప్రమాదానికి కారణమయ్యేది సగటు ఆజ్ఞ కాదు, ఆలస్యమైన ఆ ఒక్క ఆజ్ఞే.

5. ముగింపు:

సర్వర్‌ను దగ్గరకు తేవడం వల్ల దూరం మిగిల్చిన మిల్లీసెకన్లను లోపలి సాఫ్ట్‌వేర్ హరించకుండా చూడాలి. పై పద్ధతులన్నీ పంచుకునే సౌలభ్యాన్ని కొంత వదులుకుని వేగాన్ని పొందుతున్నాయి. కనుక అన్ని పనులకూ వాటిని వర్తింపజేయడం కంటే, ఏ పని ఎంత జాప్యాన్ని సహించగలదో ముందుగా నిర్ణయించి, అవసరమైన వాటికే కేటాయించడం సముచితం.