ఇద్దరు కలిస్తేనే ఆట

షటిల్ ఆట మీరు చూసే ఉంటారు. చిన్న బెండుకు 16 ఈకలు గుచ్చితే షటిల్. దాన్ని కింద పడనీయకుండా వల మీదుగా బ్యాటుతో కొడతారు.

ఈ ఆటలో మన కోనసీమ కుర్రాడు పేరు తెచ్చుకున్నాడు. అతనే రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. 2000లో అమలాపురంలో పుట్టాడు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. 2014లో సాత్విక్ హైదరాబాదులో గోపీచంద్ అకాడమీలో చేరాడు.

సాత్విక్ ఆడేది జంటల ఆట. అంటే ఒక్కో వైపు ఇద్దరుంటారు. మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హెర్ అతనికి ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టిని జత చేశాడు. మొదట్లో జత కుదరలేదు. ఎందుకని? ఇద్దరూ వెనక నుంచి గట్టిగా కొట్టేవాళ్లే. మరి వల దగ్గర ఎవరుండాలి? జోడెడ్లలో ఒకటి ఎంత బలమైనదైనా, రెండోది కలిసి నడవకపోతే బండి సాగదు కదా! ఎవరు ఎప్పుడు ముందుండాలో, ఎవరు వెనకుండాలో సాధన చేసి నేర్చుకున్నారు.

సాత్విక్ దెబ్బ ఎంత జోరుదో చూడండి. 2023లో జపానులో పరీక్షగా కొట్టి చూపించాడు. షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో పోయింది! అది గిన్నిస్ రికార్డుకెక్కింది.

అదే ఏడు చైనాలో ఆసియా క్రీడలు జరిగాయి. అక్కడ ఇద్దరూ బంగారు పతకం గెలిచారు. ఆ క్రీడల్లో షటిల్ ఆటలో మన దేశానికి అదే మొదటి బంగారం.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మలేషియా జంట చేతిలో ఓడిపోయారు. పతకం రాలేదు. అయినా జత విడలేదు. 2025లో అదే పారిస్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. మళ్లీ ఆ మలేషియా జంటే ఎదురైంది. ఈసారి మనవాళ్లు గెలిచారు. కంచు పతకంతో తిరిగొచ్చారు.