నల్లపిల్లకు పసుపు చీర

మా మనవరాలు కుట్టుపని, డిజైను కోర్సు నేర్చుకుంటున్నది. మొన్న ఫోన్‌లో ఒక ఫోటో చూపించి, "తాతా, ఈమె మన ముంబై ఆమెనే. పారిస్‌లో పెద్ద మోడల్ అయింది" అన్నది. చూస్తే మన ఇండ్లల్లో ఉండే చామనఛాయే! పేరు అంజలి మెండెస్. గోవా క్రైస్తవుల కుటుంబం, అసలు పేరు ఫిలిస్. 1971లో పారిస్ పోయి, పియర్ కార్డిన్ అనే పెద్ద డిజైనర్ దగ్గర 12 ఏండ్లు పనిచేసిందట. 2010లో కాలం చేసింది.

మోడల్ అంటే బట్టలు తొడుక్కొని నడిచే మనిషి, అంతే అనుకున్నాను. అట్ల కాదట. డిజైనర్ కాగితం మీద బొమ్మ గీసి ఊకోడు. మోడల్ ఒంటి మీదనే బట్ట వేసి, గుండుసూదులు గుచ్చి, ఎక్కడ జారుతున్నది, ఎక్కడ ముడత పడుతున్నది చూస్తాడు. ఆమె నడకను బట్టి కత్తిరింపు మారుస్తాడు. మనిషి మారితే బట్ట మారుతుంది. సాంచాల మీద బతికిన నాకు ఇది తొందరగానే తెలిసింది. పడుగు మారితే బట్ట మారదా?

అందం కూడా అట్లనే మారింది. 1966లో ఇంగ్లండ్‌లో ట్విగ్గీ అనే పదహారేండ్ల పిల్ల పుల్లలెక్క సన్నగా, మగపిల్లల క్రాపుతో వచ్చింది. నిండైన ఒళ్లే అందమన్నవాళ్లు సన్నదనం అందమన్నారు. 1975లో సోమాలియా పిల్ల ఇమాన్ అమెరికా వచ్చింది. ఈవ్ సాన్ లోరాన్ వంటి పెద్ద డిజైనర్ ఆమెను మెచ్చి పని ఇచ్చాడు. సన్నదనం పిచ్చి ముదిరి పిల్లలు తిండి మానేస్తుంటే, 2017 నుంచి ఫ్రాన్స్‌లో మోడళ్లకు డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలని చట్టం అమలు చేశారు.

ఇక మన సంగతి. నేను 1972లో బదిలీ కార్మికునిగా మిల్లులో చేరాను. ఏటా మిల్లు క్యాలెండర్ ఇంటికొచ్చేది. బట్ట మేము నేసిందే. కట్టుకున్నామె మాత్రం పాలలెక్క తెలుపు. ఆ బొమ్మను చూస్తూనే మా పెద్దబిడ్డ పెరిగింది.

దానికి పసుపు చీరంటే ప్రాణం. పెళ్లిచూపుల రోజు అదే కట్టుకుంటే, "నలుపుకు పసుపు నప్పదు బిడ్డా, తీసెయ్" అన్నది ఎవరో కాదు, నేనే. లేతరంగు చీర కట్టించి, మొహానికి పౌడరు రాయించాము. అయినా వచ్చినోళ్లు పిల్ల నలుపనే పోయారు. తర్వాత మంచి సంబంధమే కుదిరింది. కానీ నా బిడ్డ మళ్లీ పసుపు కట్టలేదు.

1975లో వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము పేరులోంచి 2020లో 'ఫెయిర్' తీసేసి 'గ్లో' అని పెట్టారు. డబ్బా మీద పేరు మారింది గానీ మన నోటిమాట మారలేదు. ఇప్పటికీ చాళ్లలో పసిపిల్లను చూడబోయి ముందు రంగే అడుగుతాం.

పోయిన ఆదివారం మనవరాలు పసుపుకొమ్ము రంగు బట్ట తెచ్చి, వాళ్లమ్మ భుజం మీద వేసి గుండుసూదులు పెట్టింది. నా బిడ్డ అద్దం చూసుకోలేదు, నా మొహం చూసింది. ఇన్నేండ్లకు కూడా!

"నప్పింది బిడ్డా. ఆ రోజు నేను తప్పు మాట అన్నా" అన్నాను.

అక్కలారా, తమ్ములారా, మీ ఇంట్లో ఆడపిల్ల ఏ రంగు కట్టుకుంటానంటే ఆ రంగు కట్టుకోనివ్వండి.